సోఫానా? బీన్ బ్యాగా?

(జోనల్ ఆఫీసు సిబ్బంది కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



‘మీకు ఇష్టమైన విషయం మీద ఓ 20 నిమిషాలు మాట్లాడండి. బ్యాంకింగ్ గురించి మాత్రం వద్దు’ అని నిర్వాహకులు నాకు షరతు పెట్టారు. 28 ఏళ్ళుగా బ్యాంకింగ్ తప్ప మరొకటి తెలియనివాడికి ఇంతకన్నా శిక్ష ఏముంటుంది? ఇంటికెళ్ళి, హాల్లో కూలబడి, ఏం మాట్లాడాలిరా దేవుడా అని ఆలోచించాను. చివరికి నేను కూలబడిన వస్తువే నాకు విషయమైంది. అది బీన్ బ్యాగ్. మీలో చాలామంది ఇళ్ళల్లో ఉండే ఉంటుంది. లేనివాళ్ళ పిల్లలు ఈపాటికి అడుగుతూనే ఉంటారు. సోఫా మానేసి దాన్ని కొనుక్కున్న అనుభవం మాది. మంచీ చెడూ రెండూ చెప్తాను.

ముందు సోఫా సంగతి. 2003లో గుంటూరులో చేయించాం. అసలైన టేకు. మా మామగారు దగ్గరుండి కర్ర ఎంపిక చేశారు. వడ్రంగి మా వసారాలోనే 20 రోజులు కూర్చుని చేశాడు. అన్నీ కలిపి 22 వేలయింది. అప్పటి నా జీతం లెక్కన చిన్న మొత్తం కాదు. దాని మీద మా ఆవిడ కుట్టిన కవర్లు, ఆ కవర్లు మాయకుండా పైన దుప్పట్లు. చుట్టాలొస్తున్నారంటే దుప్పట్లు తీసేవాళ్ళం, వెళ్ళగానే మళ్ళీ కప్పేవాళ్ళం. మరి మేమెక్కడ కూర్చునేవాళ్ళం? కింద, నేల మీద, చాప వేసుకుని, సోఫాకి వీపు ఆనించి! టీవీ చూసినా అలాగే, బఠాణీలు ఒలిచినా అలాగే. నవ్వుతున్నారంటే మీ ఇళ్ళల్లోనూ ఇదే తంతన్నమాట.

తర్వాత బదిలీలు మొదలయ్యాయి. 2006లో రాయపూర్, 2010లో బరంపురం, 2014లో నాగపూర్. ప్రతిసారీ లారీలో సగం చోటు సోఫాదే. నాగపూర్‌లో మాకు దొరికిన ఇల్లు మూడో అంతస్తు. మెట్ల మలుపులో పెద్ద సోఫా తిరగలేదు. నలుగురు మనుషులు తాళ్ళు కట్టి బాల్కనీలోంచి పైకి లాగారు. వీధిలో వాళ్ళంతా ఆగి చూశారు. పైకి చేరేసరికి ఒక చెయ్యి చీలింది. మా ఆవిడ ఏమీ అనలేదు, చీలిన చోట చేత్తో నిమిరింది, అంతే.

2018లో హైదరాబాద్ ఆర్డరు వచ్చినప్పుడు నేను కాగితం కలం తీసుకుని లెక్క వేశాను. 15 ఏళ్ళ తరుగుదల తీసేస్తే సోఫా పుస్తక విలువ దాదాపు సున్నా. మోసే ఖర్చు మాత్రం బదిలీ బదిలీకీ పెరుగుతోంది. రాబడి లేదు, నిర్వహణ ఖర్చు ఉంది, ఎవరూ వాడటం లేదు. మన భాషలో అలాంటి ఖాతాని ఏమంటారో మీకు నేను చెప్పనక్కర్లేదు. నాగపూర్‌లోనే 4 వేలకి అమ్మేశాను. ‘మా నాన్న ఎంచిన కర్ర’ అంది మా ఆవిడ. ఆ తర్వాత రెండు రోజులు మాటల్లేవు. ఆ నష్టం నా లెక్కలో రాలేదు. లెక్కలో రానివి కొన్ని ఉంటాయని అప్పుడైనా నేర్చుకోవాల్సింది. నేర్చుకోలేదు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

హైదరాబాద్‌లో హాలు చిన్నది. పిల్లలిద్దరూ ఒకటే పాట, బీన్ బ్యాగ్ కొందామని. మూడు కొన్నాం. లోపల నింపే గింజలతో సహా 9 వేల లోపే అయింది.

ఇంతకీ ఈ వస్తువు ఎక్కడ పుట్టిందో తెలుసా? ఇటలీలో. 1968లో గాట్టి, పావొలీని, తెయొడోరో అనే ముగ్గురు డిజైనర్లు జనోట్టా అనే ఫర్నిచర్ కంపెనీ కోసం దీన్ని తయారుచేశారు. పేరు ‘సాకో’. అంటే సంచి, మన భాషలో గోనె అనుకోండి. అక్కడి రైతులు పూర్వం సంచుల్లో చెస్ట్‌నట్ చెట్టు ఆకులు కూరి పరుపులుగా వాడుకునేవారట. ఆ పరుపు మనిషి ఒంటి తీరుకి ఒదుగుతుంది కదా, కుర్చీ కూడా అలా ఎందుకు ఒదగకూడదన్నది వాళ్ళ ఆలోచన. అదే సాకో ఇప్పుడు న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియంలో ఉంది. మన బూరుగుదూది పరుపుకి అంత యోగం పట్టలేదు.

అయినా ఈ కిటుకు మన అమ్మమ్మలకు కొత్తేమీ కాదు. పురిటి బిడ్డ తల కింద ఆవాల దిండు పెడతాం, గుర్తుందా? తల ఎటు తిప్పితే ఆవాలు అటు జరుగుతాయి, జరిగి మళ్ళీ కుదురుకుంటాయి. బీన్ బ్యాగ్ పనిచేసేదీ సరిగ్గా అలాగే. కూర్చునేటప్పుడు గింజలు నీళ్ళలా పక్కకి జరుగుతాయి. బరువు పడ్డాక ఒకదానికొకటి ఒరుసుకుని బిగుస్తాయి. అంటే బీన్ బ్యాగ్ పెద్దవాళ్ళ ఆవాల దిండు. ఆవాల బదులు అందులో ఉండేవి థర్మోకోల్ పూసలు. వాటిలో దాదాపు 98 శాతం గాలే. అందుకే అంత పెద్ద సంచిని మా అబ్బాయి ఒంటి చేత్తో ఎత్తేవాడు.

ఇటలీ గురించి ఇంకొక్క ముక్క. 1970లలో అక్కడి టీవీలో పావొలో విల్లాజ్జో అనే నటుడు ఫ్రాక్కియా అనే గుమాస్తా వేషం వేసేవాడు. పై అధికారి గదిలోకి వెళ్తే, ఆయన ‘కూర్చోండి’ అని సాకోని చూపిస్తాడు. పాపం ఫ్రాక్కియా! కూర్చోబోతే జారతాడు, సర్దుకోబోతే దొర్లుతాడు. అధికారి మాత్రం తన కుర్చీలో నిటారుగా కూర్చుని చూస్తుంటాడు. దేశం నవ్వి నవ్వి చచ్చింది. ఎదుటివాడికి ఎలాంటి ఆసనం చూపిస్తున్నామన్న దాంట్లో ఎంత ఉందో ఆ గుమాస్తా చెప్పాడు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

మీలో ఎవరైనా కొనాలనుకుంటే మా ఇంట్లో తెలుసుకున్న నాలుగు విషయాలు చెప్తాను.

ఒకటి, సైజు. షాపులో ఎక్స్ఎల్, డబుల్ ఎక్స్ఎల్, ట్రిపుల్ ఎక్స్ఎల్ అంటారు. పెద్దవాళ్ళకి డబుల్ ఎక్స్ఎల్ కన్నా చిన్నది వద్దు. చిన్నదైతే తల ఆనదు, నడుం వంగిపోతుంది. చాలాచోట్ల కవరు వేరుగా, పూసలు వేరుగా అమ్ముతారు. ధర తక్కువగా కనిపించిందంటే అది ఒట్టి కవరు ధరేమో చూసుకోండి. మా డబుల్ ఎక్స్ఎల్ సంచికి రెండున్నర కిలోల పూసలు పట్టాయి.

రెండు, గుడ్డ. రెక్సిన్‌దైతే తుడుచుకోవడం తేలిక, కానీ మన ఎండాకాలంలో ఒంటికి అంటుకుపోతుంది. నూలు కాన్వాసు హాయిగా ఉంటుంది, కానీ కాఫీ ఒలికితే మరక. పైకవరు విప్పి ఉతుక్కునేలా, లోపల పూసలకి వేరే సంచి ఉండేలా చూసుకోండి. కుట్టు రెండు వరసలుండాలి. ఎందుకంటారా? ఓసారి మాది పిగిలింది. ఫ్యాను తిరుగుతోంది. ఇల్లంతా మంచు కురిసినట్టయింది. ఆ పూసలు చీపురుకి అంటుకుంటాయి, చేతులకి అంటుకుంటాయి, చెత్తబుట్టలోకి మాత్రం వెళ్ళవు. సంక్రాంతికి పిగిలితే ఉగాదికి కూడా బీరువా కింద దొరికాయి. పూసలు నింపేటప్పుడైతే ఫ్యాను కట్టేసి, తలుపులు వేసి, ఒకరు పట్టుకుంటే ఒకరు పోయండి.

మూడు, ఇది శాశ్వత ఆస్తి కాదు. ఏడాది, ఏడాదిన్నరకి పూసలు నలిగి, సంచి చతికిలబడుతుంది. మళ్ళీ కిలో, కిలోన్నర పోయాలి. ఆ ఖర్చు మొదటే లెక్కలో వేసుకోండి. ఆఫీసర్ల ఫర్నిచర్ స్కీము కింద పెట్టొచ్చా అని కొందరు అడుగుతారు. క్లెయిము పెట్టేముందు సర్క్యులర్ చదవండి. చదవమన్నానని నా పేరు మాత్రం చెప్పకండి.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. ఇంట్లో చిన్నపిల్లలుంటే జిప్పు వాళ్ళ చేతికి తెరుచుకోకూడదు. ఇది చాదస్తంతో చెప్తున్న మాట కాదు. అమెరికాలో ఇద్దరు పిల్లలు జిప్పు తీసుకుని సంచి లోపలికి దూరి, పూసల్లో ఊపిరాడక చనిపోయారు. 2014లో ఆ కంపెనీ 22 లక్షల బీన్ బ్యాగులు వెనక్కి పిలిపించాల్సి వచ్చింది. మంచి సంచికి జిప్పు పట్టుకునే రింగు ఉండదు, పిన్నీసు పెట్టి లాగితే తప్ప రాదు. మీ ఇంట్లో ఉన్నదానికి రింగు ఉంటే ఈ రాత్రికే తీసేయండి. అలాగే మూడు నాలుగు నెలల పసివాళ్ళని దాని మీద పడుకోబెట్టకండి. ముఖం అందులో కూరుకుపోతుంది. దేవుడి దీపానికి, అగరొత్తులకి కూడా దూరంగా ఉంచండి. థర్మోకోల్ ఎంత తొందరగా అంటుకుంటుందో మీకు తెలుసు.

ఇవన్నీ చూసుకుంటే బీన్ బ్యాగ్ మన బదిలీ బతుకులకి చాలా మంచి స్నేహితుడు. వడ్రంగి అక్కర్లేదు, తాళ్ళు అక్కర్లేదు. పిల్లలు చదువుకునే గదిలోకి ఒకటి, బాల్కనీలోకి ఒకటి లాక్కుంటారు. దుప్పటి కప్పి దాచే వస్తువు కాదు. మా ఇంట్లో మొట్టమొదటిసారి కుటుంబమంతా హాల్లో ఉన్న ఆసనాల మీదే కూర్చుంది.

కుటుంబమంతా అన్నాను. నేను ఇంతకాలం అలాగే అనుకున్నాను.

2019 మొదట్లో మా నాన్నగారు పోయారు. తెనాలిలో అమ్మ ఒక్కతే అయింది. మా దగ్గరికి తీసుకొచ్చాను. హాల్లో అడుగుపెట్టి బీన్ బ్యాగుల్ని చూసి, ‘ఇదేంట్రా, ధాన్యం బస్తాలు హాల్లో వేశావు?’ అంది. అందరం నవ్వుకున్నాం. మనవడు చెయ్యి పట్టి లాగి ఒకదాంట్లో కూర్చోబెట్టాడు. ‘బాగుందిరా, మెత్తగా ఉంది’ అంది. లేచేటప్పుడు మనవడు ఒకవైపు, మనవరాలు ఒకవైపు పట్టుకుని లేపారు. అదీ ఓ ఆటలాగే ఉంది. ఆ తర్వాత అమ్మ ఎక్కువగా వంటింట్లో ప్లాస్టిక్ స్టూలు మీదే కూర్చునేది. కోడలికి సాయంగా ఉంటోంది కాబోలు అనుకున్నాను.

ఆ ఏడాది ఒక క్వార్టర్ క్లోజింగ్ రోజు. మా ఆవిడ అయిదింటికి పేరంటానికి వెళ్ళింది. అమ్మాయి కాలేజీ నుంచి రాలేదు. అబ్బాయి నానమ్మ పక్కన కాసేపు టీవీ చూసి ట్యూషన్‌కి పోయాడు. ఆలస్యమవుతుందని చెప్దామని నేను ఆరున్నరకి అమ్మకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. పూజలో ఉందేమో అనుకుని పని చూసుకున్నాను.

ఏడున్నరకి తాళం తీసుకుని లోపలికి వెళ్తే ఇల్లంతా చీకటి. మా అమ్మ సందెవేళ దీపం పెట్టని రోజు నా ఎరుకలో లేదు. లైటు వేశాను. బీన్ బ్యాగ్‌లో ఉంది. ‘అమ్మా, లైటయినా వేసుకోలేదేం?’ అన్నాను. ‘కళ్ళు మంటగా ఉంటే కాసేపు చీకట్లో కూర్చున్నాలే’ అంది. చెయ్యి చాపింది. నేను అందుకుని లాగాను. లేవగానే ఒక్క మాట కూడా మాట్లాడకుండా గోడ పట్టుకుని నేరుగా బాత్రూమ్ వైపు నడిచింది. డైనింగ్ టేబుల్ మీద ఆమె ఫోన్ ఉంది, నా మిస్డ్ కాల్‌తో. అది మోగినప్పుడు ఆమెకి వినపడే ఉంటుంది. నాలుగడుగుల దూరం.

బయటికొచ్చాక మంచినీళ్ళిచ్చాను. గ్లాసు గటగటా తాగేసింది. ‘ఎంతసేపయిందమ్మా?’ అంటే చెప్పలేదు. ‘మీ ఆవిడకి చెప్పకురా. పిల్లలు ముచ్చటపడి కొనుక్కున్నారు, తీసి పారేస్తారు’ అంది. రెండు గంటలు, మిత్రులారా. దాహం వేసినా, ఫోన్ మోగినా, దీపం వేళ దాటిపోతున్నా మా అమ్మ నా ఇంట్లో నేను కొన్న ఆసనంలోంచి లేవలేక కూర్చుంది. ఆ రోజు బ్రాంచిలో నా లెక్కలన్నీ పైసాతో సహా సరిపోయాయి.

తర్వాత ఆలోచిస్తే విషయం చాలా చిన్నది. కుర్చీలోంచి మనం ఎలా లేస్తాం? పాదాలు మోకాళ్ళ కన్నా కాస్త వెనక్కి తీసుకుంటాం, ముందుకి వంగుతాం, చేతులతో కుర్చీ చేతుల్ని నొక్కి లేస్తాం. బీన్ బ్యాగ్‌లో తుంటి మోకాలి కన్నా కిందికి దిగిపోతుంది. పాదం వెనక్కి రాదు. నొక్కుదామంటే చేతికి ఏ ఆధారమూ ఉండదు, నొక్కిన చోటల్లా లోపలికి పోతుంది. మోకాళ్ళలో సత్తువ ఉన్నవాడికి అది ఆట, లేనివాళ్ళకి గొయ్యి. కొనేటప్పుడు మేం అందరం షాపులో కూర్చుని చూశాం. ఎలా ఉందో ఒకరినొకరం అడిగాం. లేచేటప్పుడు ఎలా ఉందని ఎవరూ అడగలేదు, ఎందుకంటే మాలో ఎవరికీ ఆ అవసరం లేదు.

తర్వాతి ఆదివారం తెనాలి వెళ్ళాను. నాన్నగారు లెక్కలు రాసుకునే చేతుల కుర్చీ అక్కడే ఉంది. దాన్ని కారు పైన కట్టుకుని తెచ్చాను. టేపుతో కొలిచాను. కూర్చునే చోటు నేలకి 18 అంగుళాల ఎత్తు, గట్టి చేతులు, నిటారు వీపు. హాల్లో, టీవీకి ఎదురుగా, అన్నిటికన్నా మంచి చోట వేశాను. అమ్మ చూసింది. ‘దీన్నెందుకు తెచ్చావురా, చోటు చాలదు కదా’ అంటూనే కూర్చుంది. కాసేపటికి ఎవరి సాయం లేకుండా లేచి వెళ్ళి దీపం పెట్టింది. బీన్ బ్యాగులు తీసేయలేదు. అవి పిల్లలవి. ఇప్పుడు మా హాల్లో రెండు బీన్ బ్యాగులు, ఒక చాప, ఒక చేతుల కుర్చీ ఉన్నాయి. ఒకదానితో ఒకటి జత కుదరదు. ఇంట్లో అందరికీ కుదిరాయి.

ఇప్పుడు ఫ్రాక్కియా దగ్గరికి వస్తాను. అదే ఏడాది నవంబరు. పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెల. మీకు తెలుసుగా, 80 దాటిన కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు అక్టోబరు నుంచే ఇవ్వొచ్చు, అయినా చాలామంది అలవాటుగా నవంబరులోనే వస్తారు. నా క్యాబిన్‌లో గౌరవంగా ఉంటుందని ఒక మెత్తటి సోఫా వేయించాం. బాగా లోతు, బాగా పల్లం. ఒక పెద్దాయన వస్తే లేచి నిలబడి, ‘రండి మాస్టారూ, ఇలా కూర్చోండి’ అని ఆ సోఫా చూపించాను. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు. ‘ఫర్వాలేదు బాబూ, నిలబడే ఉంటాను’ అన్నారు. అంతకుముందు కూడా ఎందరో అలాగే అన్నారు. మొహమాటం అనుకునేవాణ్ణి. ఆ రోజు అర్థమైంది. వాళ్ళు లెక్క వేసుకుంటున్నారు. ఇందులో కూర్చుంటే ఇంతమంది ముందు ఎలా లేవాలి అని. నేను గౌరవం అనుకుని చూపించిన ఆసనం వాళ్ళకి పరీక్షలా ఉంది.

ఆ సోఫాని ఏటీఎం పక్క గదిలోకి పంపించాను. దాని బదులు నాలుగు చేతుల కుర్చీలు వేయించాను, రెండు క్యాబిన్‌లో, రెండు పెన్షన్ కౌంటరు దగ్గర. కొత్త ఖర్చేమీ లేదు, రికార్డు రూములో మూలపడి ఉన్నవే. మర్నాటి నుంచి పెద్దవాళ్ళు కూర్చోవడం మొదలుపెట్టారు. కూర్చున్నాక మాట్లాడటం మొదలుపెట్టారు. నామినేషన్ మార్చాలని ఒకరు, ఎవరో ఫోన్ చేసి ఓటీపీ అడుగుతున్నారని ఇంకొకరు. నిలబడిన మనిషి సంతకం పెట్టి వెళ్ళిపోతాడు. కూర్చున్న మనిషే కష్టం చెప్తాడు.

షరతు ప్రకారం బ్యాంకింగ్ మాట్లాడకూడదు, మాట్లాడేశాను, క్షమించాలి. మీకు నేను చెప్పేది ఒక్కటే. బీన్ బ్యాగ్ కొనుక్కోండి, హాయిగా కూర్చోండి. సోఫా కొన్నా ఫర్వాలేదు, కానీ దుప్పటి కప్పకుండా వాడండి. ఏది కొన్నా షాపులో కూర్చుని చూడటంతో ఆపకండి. చేతులు కట్టుకుని ఒక్కసారి లేచి చూడండి. మీరు లేవగలిగితే, మీ ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళని తలుచుకుని ఇంకోసారి లేవండి. అప్పుడు బిల్లు కట్టండి.

మా అమ్మకి ఇప్పుడు 81. ఈ సభకి రమ్మంటే, ‘అక్కడ కుర్చీలకి చేతులుంటాయా?’ అని అడిగింది. నేను కనుక్కోలేదు. ఇందాక వచ్చి చూస్తే లేవు. కార్యదర్శిగారూ, మొదటి వరుసలో మన రిటైర్డ్ మిత్రులున్నారు. సభ అయ్యాక మనం అందరికన్నా ముందు లేచి, వాళ్ళకి ఓ చెయ్యి అందిద్దాం. వచ్చే సమావేశానికి మాత్రం ఆ అవసరం లేకుండా చూద్దాం.